ఆల్టరేషన్‌కి లొంగని ముక్క

కటింగ్ బల్ల దగ్గర్నుంచి,
మంగళవారం.

చిరంజీవి బావమరిదికి బావ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అక్క లాప్‌టాప్ మాత్రం క్షేమం కాదు. పదకొండేళ్ల కిందట నువ్వు పనిచేసే షాపులో దాన్ని ఏరికోరి ఇప్పించింది నువ్వే. మీ ఇంటి వైపు నుంచి వచ్చినవాటిలో మొరాయించేది ఇది రెండోది. మొదటిదాని గురించి ఉత్తరాల్లో రాయను.

సంగతేమిటంటే, నిరుడు మీ అక్క కంప్యూటర్‌లో బట్టల నమూనాలు గీయడం నేర్చుకుంది కదా. పిల్లవాడి కొలతలు అందులో వేస్తే చొక్కా ముక్కలన్నీ అసలు సైజులో కాగితాల మీద అచ్చవుతాయి. వాటిని అట్టకి అంటించి చుట్టూ కత్తెర నడపడమే మన పని. ఇప్పుడా ప్రోగ్రామ్ తెరుచుకోవడానికే నలభై నిమిషాలు పడుతోందట. స్కూలు వాళ్ల నూట నలభై జతల యూనిఫారాలు వచ్చే నెల ఇరవైకల్లా ఇవ్వాలి. ఇరవై రెండేళ్లుగా ఆ స్కూలు బట్టలు మనవే. ఈసారి ఒక్క రోజు ఆలస్యమైనా రెడీమేడ్‌కి వెళ్లిపోతామని హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పింది. ఆ స్కూలు పోతే నా షాపుకి మిగిలేది అద్దం, కుర్చీ.

మీ అక్క తేల్చి చెప్పేసింది. "ఈ నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ బాగుపడకపోతే దీన్ని అటక ఎక్కించేస్తాను. మీరు మునుపటిలా చాక్ పట్టుకుని గీసేయండి" అంది. ముప్పై ఆరేళ్ల అనుభవం ఉన్నవాడికి చాక్ పట్టడం ఒక లెక్కా? కానీ కాలంతో పాటు నడవాలి కదా. అందుకని లాప్‌టాప్ బాగుపడి తీరాలి.

మెమరీ పెంచితే పరుగెడుతుందని పక్క షాపు ఫొటోగ్రాఫర్ అన్నాడు. కొలతలు ఇస్తున్నాను, రాసుకో. పొడుగు పద్నాలుగు ముప్పావు. ఒడ్డు తొమ్మిదిన్నర. మందం అంగుళం. నడుం దగ్గర, అంటే మూత మడిచేచోట, అంగుళం పావు. ఇవి ఒంటి కొలతలు, వదులు నువ్వే చూసుకో. ఎలాగూ కొత్తది వేస్తున్నాం కాబట్టి నాలుగేళ్లు వాడుకునేలా పెద్ద సైజే పంపు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో కొలతలు ఇచ్చిపుచ్చుకోవడం నా వృత్తిలో లేదు. ఒకసారి ఒకాయన ఫోన్‌లో నడుం ముప్పై రెండు అన్నాడు. కుట్టాక తెలిసింది, అది ఆయన పెళ్లినాటి నడుం.

మీ అక్కకి ఈ సంగతి తెలియకూడదు. ఆమెని ఆశ్చర్యపరచాలని ఉంది.

ఇట్లు,
మీ బావ

తా.క.: నలుపు రంగే పంపు. లాప్‌టాప్ నలుపు. లోపలి వైపే అయినా తేడా రంగు వేస్తే నాకు నిద్ర పట్టదు.


స్పేర్ పార్టుల కౌంటరు,
గురువారం.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరిచ్చిన కొలతలతో లాప్‌టాప్‌కి మంచి కోటు కుట్టించవచ్చు. మెమరీ మాత్రం కొనలేం.

మెమరీ అంటే మీకు అర్థమయ్యేలా చెప్తాను. అది మీ కటింగ్ బల్ల లాంటిది. బల్ల పెద్దదైతే ఒకేసారి ఎక్కువ బట్ట పరుచుకోవచ్చు. చిన్నదైతే కొంచెం పరిచి, కోసి, చుట్టి, మళ్లీ కొంచెం పరవాలి. అక్క లాప్‌టాప్ ఇప్పుడు అదే చేస్తోంది. అయితే మీ బల్ల ఏ గదిలోనైనా పడుతుంది. ఇది పట్టదు. ఒక్కో లాప్‌టాప్‌కి ఒక్కో రకం. పాత రకం కొత్తదానిలోకి వెళ్లదు, కొత్త రకం పాతదానిలోకి వెళ్లదు. పెద్దది పంపమన్నారు గానీ, ఆ వయసు లాప్‌టాప్ ఒక హద్దు దాటి మోయలేదు. అది పెరిగే పిల్లాడు కాదు.

నాకు కావలసింది ఒక్కటే. లాప్‌టాప్ వెనక మూత విప్పితే వేలెడంత ఆకుపచ్చ ముక్క కనిపిస్తుంది. దాని మీద తెల్ల లేబుల్ ఉంటుంది. ఆ లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు కాగితం మీదకి దించి పంపండి. రకమేమిటో, ఎంతదో, ఎంత కరెంటు మీద నడుస్తుందో అంతా అందులోనే ఉంటుంది. ఒక్క లైను. అంతే.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: లోపల అన్నీ ఆకుపచ్చగానే ఉంటాయి. మీ నిద్రకి మా షాపు గ్యారంటీ ఇవ్వదు.


కటింగ్ బల్ల,
సోమవారం.

చిరంజీవి బావమరిదికి దీవెనలు.

నీ ఉత్తరం ఫొటోగ్రాఫర్ చేత చదివించుకున్నాను. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయాను. అయినా అవేం అక్షరాలురా, చీమలు బారు కట్టినట్టున్నాయి. ఇకమీదట కాస్త పెద్దవిగా రాయి. పెద్దలకి రాసేటప్పుడు అక్షరమైనా పెద్దగా ఉండాలి.

మీ అక్క కొలతలకని స్కూలుకి వెళ్లినప్పుడు లాప్‌టాప్‌ని బోర్లా పడుకోబెట్టి విప్పాను. పదకొండు స్క్రూలు. అన్నిటినీ గుండుసూదుల డబ్బాలో వేశాను. నువ్వు చెప్పిన ముక్క దొరికింది.

ఇక లేబుల్ మాట. నాయనా, లేబుల్ చూసి పనిచేసేవాడు దర్జీ కాడు. కాలర్ వెనక నలభై అని లేబుల్ ఉంటుంది, లోపల మనిషి నలభై ఆరు ఉంటాడు. నేను ముప్పై ఆరేళ్లలో లేబుల్‌ని నమ్మి ఒక్క కత్తెర వేయలేదు. అందుకని నీకు అంతకంటే గట్టి ఆధారం పంపుతున్నాను. ముక్కని అట్ట మీద పెట్టి చుట్టూ వేలు పెట్టి గీశాను. దాని అడుగున ఒక గాడి ఉంది, అక్కడ మేం బట్టకి పెట్టినట్టే కత్తెరతో చిన్న కాటు పెట్టాను. అట్ట ఈ ఉత్తరంతోనే ఉంది. దీన్ని బట్టి పంపెయ్.

ఇట్లు,
మీ బావ

తా.క.: చుట్టూ అర అంగుళం కుట్టుకి వదిలాను. కంగారులో అసలు గీత మీద కోసేయకు.

మరొకటి: విప్పింది పదకొండు స్క్రూలు, బిగించింది పది. కంపెనీవాడు ఒకటి ఎక్కువ వేసినట్టున్నాడు.


స్పేర్ పార్టుల కౌంటరు,
శుక్రవారం.

బావగారికి నమస్కారాలు.

అట్ట అందింది. కుట్టుకి వదిలిన అర అంగుళంతో కలిపి చూస్తే, అది ఇంతవరకూ ఎవరూ తయారుచేయని సైజు. అర అంగుళం తీసేసి చూస్తే, మా షాపులో ఉన్న లాప్‌టాప్ మెమరీలన్నిటికీ ఇంచుమించు సరిపోయింది. అదే తంటా. పాత రకం, కొత్త రకం దూరం నుంచి కవలల్లా ఉంటాయి. తేడా గాడి ఉన్న చోటులోనూ, తాగే కరెంటులోనూ ఉంటుంది. కత్తెర కాటు ఆ తేడా పట్టదు.

లేబుల్ మీద ఉన్న లైను రాయండి అన్నాను. రాయలేదు. పోనీ ఇంకో దారి. కొత్త చొక్కా కుట్టించుకునేవాళ్లు కొలతకని పాత చొక్కా ఒకటి మీకు ఆది ఇస్తారు కదా. అలాగే ముక్కనే ఆది పంపండి. నేను ఇక్కడ దాని రకం చూసుకుని, జోడీ ఎంచి, రెండూ కలిపి తిప్పి పంపిస్తాను.

ఒక్క మనవి. నెలాఖరుకి మూడు వారాలు కూడా లేదు.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: మీరు చెప్పినట్టు పెద్దక్షరాలతో రాశాను. మా మేనేజర్ చూసి, ఏదో డిస్కౌంటు బోర్డు అనుకుని తలుపుకి అంటించబోయాడు. సగం పేజీ కౌంటరులో అందరూ చదివేశారు. అందరూ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు.


కటింగ్ బల్ల,
సోమవారం.

చిరంజీవి బావమరిదికి దీవెనలు.

ఇప్పుడన్నావు మాట! ఆది అడిగినవాడు పనివాడు. ఈ పార్సెల్‌లోనే పంపుతున్నాను, దూదిలో చుట్టి గుండీల డబ్బాలో పెట్టాను. దూది తీశాక డబ్బా జాగ్రత్త, అది నాకు కావాలి.

తొందరగా పంపు.

మీ బావ

తా.క.: కాజాలు కుట్టే మెషీన్‌కి కూడా ఇలాంటి మెమరీ ఏదైనా వేయవచ్చేమో కనుక్కో. అది కూడా ఈమధ్య చెప్పింది మర్చిపోతోంది.


స్పేర్ పార్టుల కౌంటరు,
బుధవారం.

బావగారికి నమస్కారాలు.

ఆది భద్రంగా అందింది. చూసి కొంచెం ఆశ్చర్యపోయాను. ఇది కొత్త రకం, డీడీఆర్ ఫోర్. పదకొండేళ్ల నాటి లాప్‌టాప్‌లో ఇది ఉండకూడదు. ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాను. నేనే ఇప్పించినా, అప్పట్లో ఏం ఎంచానో నాకే గుర్తులేదు. అయినా ఆది మీది. మీరే అంటారుగా, చొక్కా అబద్ధమాడదని.

అదే రకంలో పెద్దది పంపుతున్నాను. మీ ఆది కూడా పెట్టాను. గుండీల డబ్బా కూడా. వేసేటప్పుడు ముక్కని కాస్త ఏటవాలుగా తోసి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి. దానంతట అదే దిగాలి. దిగకపోతే ఆపేసి నాకు రాయండి. బలవంతం చేయకండి.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: కాజాల మెషీన్‌కి మెమరీ లేదు. దానిది వయసు.


కటింగ్ బల్ల,
సోమవారం.

చిరంజీవి బావమరిదికి దీవెనలు.

నువ్వు పంపింది దిగలేదు. గాడి రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉంది. తప్పు నీది. అయినా చంక దగ్గర కొంచెం పట్టేసిందని చొక్కా తిప్పి పంపే రకం కాదు నేను. ఆల్టరేషన్ చేశాను. సన్న ఆకురాయి పెట్టి గాడిని పక్కకి జరిపాను. అంచున బంగారు రంగు పట్టీలు ఉన్నాయే, వాటిలో నాలుగైదు ఊడిపడ్డాయి. అలంకారానికేగా అని వదిలేశాను. ఆ తర్వాత వెన్నలా దిగింది.

స్విచ్ వేస్తే లాప్‌టాప్ మూడుసార్లు కూత పెట్టి ఊరుకుంది. మీ అక్క వచ్చే వేళయింది. దాన్ని పీకేసి (ఈ ఉత్తరంతోనే నీకు తిప్పి పంపుతున్నాను) పాత ముక్క మళ్లీ పెడితే దేవుడి దయవల్ల లేచి కూర్చుంది.

పాత ముక్క నీ దగ్గర ఉండగా లాప్‌టాప్ ఇన్నాళ్లూ ఎలా నడిచిందని అడుగుతావు. అడగాల్సిన మాటే. నీకు పంపిన ఆది మీ అక్క లాప్‌టాప్‌ది కాదు. ఆమె పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటుంది. ఒంటిమీద ఉన్న చొక్కా విప్పి ఆది ఇమ్మంటామా? అలాంటప్పుడు మేం ఏం చేస్తామంటే, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషిని చూసి అతని చొక్కా ఆది తీసుకుంటాం. ఇది మా వృత్తిలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. ఫొటోగ్రాఫర్ లాప్‌టాప్‌కి టేపు వేశాను. పద్నాలుగు ముప్పావు, తొమ్మిదిన్నర. అచ్చు గుద్దినట్టు మీ అక్కదే. అతని షాపు తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉంటుంది. అతను ఏదో పెళ్లి ఫొటోలకి వెళ్లినప్పుడు లోపలికెళ్లి అందులోది విప్పి నీకు పంపాను. నీ దగ్గర్నుంచి రాగానే మళ్లీ పెట్టేశాను.

మధ్యలో ఆరు రోజులు అతని లాప్‌టాప్ లేవలేదు. పాపం, రిపేరు షాపుల చుట్టూ తిరిగాడు. ఒంటరిగా వెళ్లడం ఎందుకని నేనూ తోడు వెళ్లాను.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఇప్పుడు లాప్‌టాప్‌కి స్క్రూలు ఏడే ఉన్నాయి. ఖాళీగా ఉన్నచోట మూత ఊగుతుంటే టిచ్ బటన్ అంటించాను. ఇకమీదట విప్పడం సులువు.


స్పేర్ పార్టుల కౌంటరు,
గురువారం.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి కూడా నమ్మలేదు గానీ, మీరు తిప్పి పంపిన ముక్క చేతిలో ఉంది కాబట్టి వేరే దారి లేకపోయింది.

ఒడ్డూ పొడుగూ ఒకటైనంత మాత్రాన ఇద్దరి రక్తం ఒకటే అవుతుందా? ఫొటోగ్రాఫర్‌ది మొన్న కొన్న లాప్‌టాప్. అక్కది పదకొండేళ్లది. పైకి ఒకే కొలత, లోపల వేరే కాలం. ఆ గాడి అక్కడ పెట్టిందే, ఒకదానిది ఒకదానిలో దూర్చకుండా ఉండటానికి. తలుపుకి గడియ పెడితే మీరు గోడ పగలగొట్టుకుని వెళ్లారు. ఆ ఊడిన పట్టీలు అలంకారం కాదు. అవి లేకపోతే ముక్క లేనట్టే. లాప్‌టాప్ కాలిపోకుండా బయటపడింది, అది మీ అదృష్టం.

ఇక సూటిగా అడుగుతున్నాను. మొదటి ఉత్తరం నుంచి ఒకటే అడుగుతున్నాను: లేబుల్ మీద ఏముంది? దానికి మీరు అట్ట పంపారు, కాలర్ల గురించి చెప్పారు, పక్కవాడి సొమ్ము పంపారు. ఆ ఒక్క లైను మాత్రం పంపలేదు. నెలాఖరు వచ్చే గురువారమే. మీకు చేతకాకపోతే చెప్పండి, అక్కకి ఫోన్ చేస్తాను. ఆమె అర నిమిషంలో చదివి చెప్తుంది. ఆశ్చర్యపరచడం ఇంకోసారి చూసుకోవచ్చు.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: మీరు ఆకురాయి పెట్టిన ముక్కని మా మేనేజర్ కౌంటరు అద్దం కింద పెట్టించాడు. పక్కన "ఇంట్లో ప్రయత్నించకండి" అని రాయించాడు. మీ పేరు రాయనివ్వలేదు, దానికి నన్ను మెచ్చుకోవాలి.


కటింగ్ బల్ల,
శనివారం.

బావమరిదీ,

మీ అక్కకి ఫోన్ చేయకు.

లేబుల్ మీద ఏముందో నాకు తెలీదు. నాకు కనపడటం లేదు. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోలేదు, ముక్కు మీదే ఉన్నాయి. ముక్క మీద తెల్లగా ఏదో ఉందని తెలుస్తోంది, అంతే. నువ్వు పెద్దగా రాసిన అక్షరాలు కూడా కిటికీ దగ్గరికి తీసుకెళ్తేనే ఆనుతున్నాయి.

చాక్ గీత నాకు ఆనడం లేదు. నీలం బట్ట మీద తెల్ల గీత గీస్తాను, చెయ్యి తియ్యగానే మాయమైపోతుంది. సూదిలో దారం వేళ్లతో ఎక్కిస్తున్నాను. నలుపుకీ ముదురు నీలానికీ తేడా తెలియక దారపు ఉండల మీద ముడులు వేసి గుర్తు పెట్టుకున్నాను. కుట్టు పని ఎలాగో నెట్టుకొస్తాను, అది చేతులకి తెలుసు. గీత గీయడం మాత్రం నావల్ల కాదు. మీ అక్క ఆ నమూనాలు అట్ట మీద వేసి ఇస్తోంది కాబట్టి అంచు పట్టుకుని కత్తిరించేస్తున్నాను. లాప్‌టాప్ ఆగిపోయి చాక్ నా చేతికిచ్చిందంటే మొదటి యూనిఫారంతోనే నా సంగతి బయటపడుతుంది. "మునుపటిలా గీసేయండి" అని ఆమె అన్న ప్రతిసారీ కత్తెర వెతుకుతున్నట్టు తల తిప్పేసుకుంటున్నాను. నాకు భయంగా ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నీకే.

చూపు లేని దర్జీ దగ్గరికి ఎవరొస్తారు? ఆమెకి తెలిస్తే నన్ను బల్ల దగ్గర్నుంచి లేపేస్తుంది. ఆమె లేపకపోయినా నేనే లేవాల్సొస్తుంది.

లాప్‌టాప్‌లో ఉన్న అసలు ముక్క ఇదిగో, పంపుతున్నాను. ఈసారి ఇది ఒంటిమీది చొక్కాయే. మీ అక్కతో, లాప్‌టాప్‌కి నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలని ఫొటోగ్రాఫర్ చెప్పాడని చెప్పాను. ఆమె ఏమీ అనకుండా సరే అంది. అదే నాకు వింతగా ఉంది.

గురువారం లోగా చూడు.

మీ బావ

తా.క.: నీ జవాబు ఎవరి చేతా చదివించుకోలేను. డిస్కౌంటు బోర్డు సైజులోనే రాయి. మీ మేనేజర్ తలుపుకి అంటిస్తానంటే మాత్రం ఒప్పుకోకు.


స్పేర్ పార్టుల కౌంటరు,
మంగళవారం.

బావగారికి నమస్కారాలు.

మీ ముక్క పాత రకమే. డీడీఆర్ త్రీ, అందులోనూ తక్కువ కరెంటు మీద నడిచేది. అదే రకం, అదే కరెంటుది, రెండింతలు పెద్దది పంపుతున్నాను. మీ లాప్‌టాప్ మోయగలిగింది అంతే. ఇక్కడ అలాంటి లాప్‌టాప్‌లోనే వేసి చూశాను. పనిచేసింది.

వేసేటప్పుడు చూడక్కర్లేదు. అంచున వేలు నడపండి, గాడి తగులుతుంది. గాడికి ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. లోపల గూట్లో కూడా చిన్న పంటి లాంటిది వేలికి తగులుతుంది. పన్ను గాడిలో కూర్చోవాలి. ఏటవాలుగా తోసి కిందికి నొక్కండి. టక్కుమని రెండుసార్లు వినపడితే అయిపోయినట్టే. ఈ పని నాకంటే మీ వేళ్లకే బాగా వస్తుంది.

ఇన్ని ఉత్తరాల్లో మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. క్షమించండి. తెలియక అన్నాను.

అక్కకి నేను చెప్పను. మీరు మాత్రం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కంట్లో మబ్బేసిన అద్దం తీసి కొత్తది పెడతారట, అర గంట పనట. దానికైనా మీ కంటికి సరిపోయేది కొలిచే పెడతారు. పక్కవాడి కంటి కొలత తీసుకోరు.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: మేనేజర్‌ని లోపలికి పంపించి ఈ ఉత్తరం రాశాను.


ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి,
ఆదివారం.

ఒరేయ్ తమ్ముడూ,

అక్క రాస్తోంది. కంగారుపడకు, యూనిఫారాలన్నీ ఒక రోజు ముందే స్కూలుకి చేరాయి. వచ్చే ఏడాదికి కూడా మాదే అని హెడ్మిస్ట్రెస్ రాసిచ్చింది.

మీ ఇద్దరి ఉత్తరాలూ నాకు తెలుసు. మీ బావ రాసే అక్షరాలు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే చదువుకోవచ్చు. నువ్వు రాసినవైతే వీధిలో పోయేవాళ్లు కూడా చదువుకున్నారు.

ఆయన కళ్ల సంగతి నాకు ఏడాదిగా తెలుసు. నీలం నిక్కరుకి నల్ల జేబు కుట్టారు. తప్పు పట్టకుండా నేనే విప్పి మళ్లీ కుట్టాను. ఆ వారమే వెళ్లి కంప్యూటర్‌లో గీయడం నేర్చుకున్నాను. ఆయన చేతికి చాక్ బదులు అట్ట ఇవ్వాలంటే నాకు వేరే దారి తోచలేదు. ఈ వయసులో నీకు కంప్యూటర్ పిచ్చి ఏమిటని ఆయనే నవ్వారు. నవ్వనిచ్చాను.

లాప్‌టాప్ నలభై నిమిషాలు తీసుకుంటోందని చెప్పింది నేనే. అది అబద్ధం. రెండు నిమిషాల్లో తెరుచుకునేది. తెర మీద ఏముందో ఆయనకి ఆనదు కాబట్టి ఎంత చెప్తే అంత నమ్మారు. నూట నలభై మంది పిల్లల నమూనాలూ ఆయన నీకు మొదటి ఉత్తరం రాయకముందే అచ్చయి, బట్ట తానుల వెనక అట్టపెట్టెలో ఉన్నాయి. చాక్ పట్టుకోమంటే అప్పుడైనా నోరు తెరిచి నాకు కనపడటం లేదని చెప్తారనుకున్నాను. ఆ మాట చెప్పడానికి బదులు లాప్‌టాప్ విప్పారు. అది చాలక ఫొటోగ్రాఫర్‌ది కూడా విప్పారు. మనిషికి పరువు ఎంత బరువో చూడు.

ఆయన నీకు "భయంగా ఉంది" అని రాస్తున్నప్పుడు నేను వెనకే ఉన్నాను. ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగానే ఏడుపొచ్చేసింది. ఎవరిదో చొక్కా కాలిపోయింది. ఆ రోజే చెప్పేద్దామనుకున్నాను. కానీ నీకు చెప్పుకున్న మాట నేను చదివానని తెలిస్తే ఆయన తలెత్తుకోలేరు. అందుకని ఊరుకున్నాను.

నువ్వు పంపిన ముక్క ఆయనే వేశారు, కళ్లు మూసుకుని, వేళ్లతో. టక్, టక్. ఇప్పుడు ప్రోగ్రామ్ నిజంగానే అర నిమిషంలో తెరుచుకుంటోంది. మాకు అవసరం లేదు గానీ బాగానే ఉంది.

ఆ తర్వాత నాకు తెర మీద అక్షరాలు మసగ్గా ఉన్నాయని, కంటి డాక్టరు దగ్గరికి తోడు రమ్మని బతిమాలాను. ఆయన ధీమాగా బయల్దేరారు. డాక్టరుకి ముందే చెప్పి ఉంచాను. నన్ను చూశాక "మీరు కూడా ఓసారి కూర్చోండి, పనిలో పని" అన్నాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ అయిపోయింది, రెండోది వచ్చే నెల. నాకు ఏ జబ్బూ లేదనుకుని వెళ్లానా, నాకూ అద్దాలు రాశాడు.

ఆయన రహస్యం నాకు చెప్పనందుకు నీ మీద కోపం లేదు. నా రహస్యం ఆయనకి చెప్పావంటే మాత్రం ఊరుకోను. లాప్‌టాప్‌ని తానే బాగుచేశానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ.

ఇట్లు,
మీ అక్క

తా.క.: మొన్న కంటి కట్టు విప్పారు. డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. ఆయన అటు చూడకుండా నా వైపే చూస్తూ, "నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?" అన్నారు. మొన్నీమధ్యే అని చెప్పాను. నెరిసి నాలుగేళ్లయింది, తమ్ముడూ.